కారానికి రెండో తలుపు

కోత సరిగ్గానే పడింది. హైదరాబాదు నుంచి వచ్చిన రిపోర్టు ఆ మాట తేల్చి చెప్పింది. కణాలు మాత్రం ఒప్పుకోవడం లేదు.

దీవెన స్టూలు మీద కూర్చుని కంప్యూటర్ తెర మీది అంకెల్ని తిట్టుకుంటోంది. తిట్లు పైకి రావు. కర్నూలు శివారులోని ఆ ఫార్మసీ కాలేజీలో రీసెర్చి చేసే ఆడపిల్లలు పైకి తిట్టకూడదు. ఆ రూలు ఎవరూ గోడ మీద అంటించలేదు గానీ, అందరికీ తెలుసు.

ఆమె చేసే పని ఏమిటో తెలియాలంటే ముందు మిరపకాయ సంగతి తెలియాలి. మంట కాయలో ఉండదు. మన నరంలో ఉంటుంది. నరపు కణం ఒంటి మీద రిసెప్టర్ అని ఒకటి ఉంటుంది, తలుపులాంటిది. కాయలోని కారం వచ్చి దాన్ని తాకితే తెరుచుకుంటుంది. బయటున్న కాల్షియం లోపలికి దూరుతుంది. నరం వెంటనే మెదడుకు కేక పెడుతుంది, మండుతోంది చచ్చిపోతున్నానని. ఇదంతా పుస్తకాల్లో ఉన్నదే. పుస్తకాల్లో లేనిది ఒకటుంది. కోడుమూరు చుట్టుపక్కల పల్లెల్లో మిరప కోతకు పోయే ఆడవాళ్ళు పొద్దంతా కాయలు తెంపి, తొడిమలు తీసి, ఇంటికొచ్చి చేతులు నీళ్ళ చెంబులో పెట్టుకుని కూర్చుంటారు. పసిబిడ్డను ఎత్తుకోలేరు. కంట్లో నలుసు పడితే తీసుకోలేరు. ఆ చేతులకు ఏ మందు పనిచేస్తుందని ఎవడూ అడగలేదు. అడగాల్సినవాళ్ళ చేతులు ఏనాడూ మండలేదు మరి. దీవెన తల్లి కృపమణి అలాంటి చేతులతోనే కూతుర్ని ఇంతదాకా చదివించింది.

అందుకే దీవెన అడిగింది. ఆ తలుపును మూసే మందు ఏది? మందులకేం, బోలెడు తేవొచ్చు. ఆ మందు నిజంగా ఆ తలుపునే మూస్తోందనీ, ఇంకెక్కడో వేలు పెట్టడం లేదనీ ఎలా తేలుతుంది? దానికి ఆ తలుపే లేని కణాలు కావాలి. తలుపు ఎలా తయారు చేయాలో కణానికి చెప్పే జన్యువు ఒకటుంది. దాన్ని క్రిస్పర్ అనే కత్తెరతో కత్తిరించి పనికిరాకుండా చేయాలి. కోత అంటే అదే. అప్పుడు ఆ కణం మీద ఎంత కారం పోసినా దానికి పట్టదు. ఈ తేడా కంటికి కనపడటానికి కణాల్లో ముందే ఒక రంగు ఎక్కిస్తారు. కాల్షియం లోపలికి వస్తే ఆ రంగు, నీలి వెలుతురు కింద, ఆకుపచ్చగా వెలుగుతుంది. తలుపున్న కణం వెలగాలి. తలుపు లేనిది చీకటిగా ఉండాలి. ఆ చీకటి వస్తేనే ఆమె పని నిలబడినట్టు. మందుల పరీక్షలన్నీ ఆ తర్వాతే.

చీకటి రావడం లేదు. సగం వెలుగు వస్తోంది.

ఈ ఏటి దసరా పోయాక మొదటి ప్లేటు పెట్టింది. ఆనాటి నుంచీ అదే వరస. అరచేతి అంత ప్లాస్టిక్ ప్లేటు, దాని నిండా చిన్న చిన్న గుంటలు. ఎడమ సగంలో మామూలు కణాలు, కుడి సగంలో కోత కణాలు. పై వరస గుంటల్లో కారం పోయరు, ఊరికే నీళ్ళే. కింది వరసలన్నిట్లో కారం. కారం పోయనిచోట రెండు వైపులా చీకటి, బాగుంది. కారం పోసినచోట ఎడమ వైపు పూర్తి వెలుగు, అదీ బాగుంది. కుడి వైపు సగం వెలుగు. అదే బాగాలేదు.

ఆమె గైడు భూపేష్ సార్. కోయిలకుంట్ల దగ్గర పెద్ద సేద్యం ఉన్న ఇంటి మనిషి, చదువుకున్నవాడు, మరీ చెడ్డవాడేం కాదు. మొదట్లో "కోత పడలేదమ్మా, మళ్ళీ మొదలుపెట్టు" అన్నాడు. మళ్ళీ అంటే ఇంకో ఏడాది. ఫెలోషిప్పు ఈ డిసెంబరుతో అయిపోతుంది. పొడిగించమని సార్ సంతకం పెట్టాలి. ఏడాది పాటు కణాలు పెంచి చివరికి ఏమీ తేల్చని పిల్లకు ఏ సార్ సంతకం పెడతాడు? జన్యువును చదివి కోత పడిందని తేల్చిన హైదరాబాదు రిపోర్టు వచ్చాక ఆయన నాలుగు రోజులు మాట్లాడలేదు. ఐదో రోజు కళ్ళు మెరుస్తూ ల్యాబులోకి వచ్చాడు.

"దీవెనా, మనం తప్పు దోవలో ఆలోచిస్తాండాం. కోత పడింది. తలుపు పోయింది. అయినా సగం వెలుగు వస్తాందంటే ఏమర్థం?"

"ఏమర్థం సార్?"

"ఇంకో తలుపు ఉండాదని! కారానికి రెండో తలుపు! లోకంలో ఎవనికీ తెలియని రిసెప్టర్ మన కర్నూల్లో బయటపడిందమ్మా!"

అంతే, ఇక ఆయన ఆగలేదు. కడపలో జరిగే సదస్సుకు అదే పేరు పంపాడు. కార్డులు అచ్చయ్యాయి. కాలేజీ కరస్పాండెంటు గేటు ముందు ఫ్లెక్సీ కట్టించాడు. అందులో కరస్పాండెంటు తలకాయ గుమ్మడికాయంత, సార్ తలకాయ టెంకాయంత, అడుగున దీవెన తలకాయ నిమ్మకాయంత.

దీవెనకు ఆ రెండో తలుపు మీద నమ్మకం కుదరలేదు. కారణం చెప్పమంటే సరిగ్గా చెప్పలేదు. ఆ సగం వెలుగు ప్రతిసారీ ఒకేలా వస్తోంది. కణాలు ప్రాణం ఉన్నవి. ఒకరోజు బాగా పెరుగుతాయి, ఒకరోజు నీరసిస్తాయి. ఎడమ వైపు మామూలు కణాల వెలుగు రోజుకో తీరుగా మారుతుంటే, కుడి వైపుది మాత్రం గవర్నమెంటు ఆఫీసులో గోడ గడియారంలా కదలదు. ప్రాణమున్నది అంత క్రమశిక్షణగా ఉంటుందా? ఇదే మాట సార్ తో అంటే, "నమ్మకం లేకుంటే సైన్సు ఎట్ల చేస్తావమ్మా?" అన్నాడు. నమ్మకంతో చేసేది వేరే పని అని ఆమె నోటి దాకా వచ్చింది. మింగేసింది. డిసెంబరు గుర్తొచ్చింది.

సదస్సు రేపనగా, మధ్యాహ్నం పూట కరెంటు పోయింది. జెనరేటరు గురగురమని అందుకునేలోపు కారం పోసిన ప్లేటులో వెలుగు ఆరిపోతుందని దీవెనకు కంగారు. ప్లేటులోని వెలుగును అంకెలుగా చదివే ఆ మిషన్లో కారం తనే పోసే సూది ఒకటుండాలి. అది చెడిపోయి శానా కాలమైంది, బాగుచేయించే నాథుడు లేడు. కాబట్టి బయట చేత్తో పోసి, పరిగెత్తుకెళ్ళి లోపల పెట్టి, ఒకేసారి చదివించుకోవాలి. ఆ కంగారులో ప్లేటు లోపల పెట్టింది సాహితి. ఆదోని పిల్ల, దీవెన కన్నా రెండేళ్ళు చిన్న, చేతుల కంటే నోరు జోరు.

తెర మీద అంకెలు వచ్చాయి. ఎడమ సగం మొత్తం చీకటి.

"మామూలు కణాలు చచ్చిపోయినాయే! ఏం చేసినావే సాహితీ?"

"నేనేం చేసినా అక్కా? పెట్టమంటివి, పెడితి."

"ఎట్ల పెడితివి?"

సాహితి ప్లేటు పెట్టే మిషన్ సొరుగు తెరిచి చూసింది. నాలుక కరుచుకుంది. "తిప్పి పెట్టినట్లుండా అక్కా. తల కిందికి, కాళ్ళు పైకి."

"తిక్కదానా! కడపకు పోయే ముందర నా ప్రాణం తీస్తాండావు గదే!"

"కరెంటు పోతే నాకు కళ్ళు కనపడ్తాయా? పిల్లినా నేను?"

దీవెన ఇంకో మాట అనబోయి ఆగిపోయింది. తిప్పి పెట్టింది. అంటే ఎడమ వైపున ఉన్నవి మామూలు కణాలు కావు. కోత కణాలు. ఎడమ సగం మొత్తం చీకటి. అంటే, కారం పోసిన కోత కణాలు చీకటిగా ఉన్నాయి. ఒక్క గుంటా వెలగలేదు.

ఆమె తెరకు ముఖం దగ్గరగా పెట్టింది. కుడి వైపు మామూలు కణాలు వెలుగుతున్నాయి, సరే. ప్లేటు తిరిగింది కాబట్టి పై వరస కిందికి వచ్చింది. కారం పోయని వరస అది. అందులో వెలుగు ఉండకూడదు. ఉంది. కుడి మూల, కింద, నీళ్ళు తప్ప ఏమీ పోయని గుంటల్లో వెలుగు. సగం వెలుగు. అదే అంకె, రోజూ చూసి చూసి విసుగొచ్చిన అంకె.

"సాహితీ," అంది మెల్లగా, "వెలుగు కణాలతో పాటు తిరగలేదే. ఉన్నచోటే ఉండాది."

"అంటే?"

"ఒక ఖాళీ ప్లేటు తీసుకురా. కొత్తది. కవరు చింపి, ఏమీ పోయకుండా అట్లనే తీసుకురా."

ఖాళీ ప్లేటు లోపలికి పోయింది. మిషన్ కాసేపు గొణిగింది. అంకెలు వచ్చాయి. కణం లేదు, రంగు లేదు, కారం లేదు, ఆఖరికి నీటి చుక్క లేదు. కుడి వైపు కింద సగం వెలుగు. లోకంలో ఎవనికీ తెలియని రిసెప్టర్ ఖాళీ ప్లాస్టిక్ లో కూడా ఉందన్నమాట.

దీవెన సొరుగు పూర్తిగా బయటికి లాగి, ఫోను టార్చి వేసి చూసింది. ప్లేటు కూర్చునే నల్లని పళ్ళెం మీద, కుడి పక్కన, మూడు వేళ్ళతో పొడుగ్గా రాసిన చారలు. ఎండిపోయి, పళ్ళేనికి అంటుకుపోయి, బంగారంలా మెరుస్తున్నాయి.

పసుపు.

ఆయుధ పూజ నాటిది. ఆ రోజు కాలేజీలో మిషన్లన్నిటికీ పూజ చేశారు. బస్సుల నుంచి జెరాక్సు మిషన్ దాకా దేన్నీ వదల్లేదు. కరస్పాండెంటు టెంకాయ కొట్టాడు. అందరికీ బొరుగులూ బెల్లమూ పంచారు. ల్యాబులో బొట్లు పెట్టింది అటెండరు ఉరుకుందప్ప. పూజ బొట్టును ఎవరూ తుడవరు. అదే రాలిపోవాలి. లిఫ్టు తలుపుల మీద పోయినేటి కుంకుమ ఇంకా ఉంది.

ఆ రోజు దీవెన వరండాలో నిలబడింది. పొమ్మని ఎవరూ తరమలేదు, రమ్మని ఎవరూ పిలవలేదు. కాలేజీలో చేరిన మొదటి ఏడాది కృపమణి ఫోనులో చెప్పిన మాట అది: "వాళ్ళ పూజ వాళ్ళది. అడ్డం పోవాకు, వెక్కిరించాకు. పక్కకు నిలబడి, అయిపోయినాక పోయి నీ పని చేసుకో." అప్పటి నుంచి దీవెన అంతే. మిషన్ల మీద ఎక్కడ బొట్టు కనిపించినా చూపు పక్కకు తిప్పుకోవడం అలవాటు చేసుకుంది. దాన్ని తాకదు, దాని గురించి మాట్లాడదు. అలవాటు ఎంత ముదిరిందంటే, రోజూ తెరిచే సొరుగులో ఉన్నదాన్ని కూడా చూడలేదు. పసుపు నీలి వెలుతురు కింద ఆకుపచ్చగా వెలుగుతుందని ఆమె చదివిందే. పరీక్షలో రాసిందే. మార్కులు కూడా తెచ్చుకుంది.

స్టూలు మీద కూలబడింది. ఏడాది వృథా కాలేదు. కోత పడింది. కణాలు మొదటి రోజు నుంచీ నిజమే చెబుతున్నాయి. రంగుల డబ్బాలు మార్చి, కణాలను మార్చి, తనను తాను తిట్టుకుని, తిండి మానేసి, ఎన్ని అవస్థలు పడింది! నవ్వు వచ్చింది. ముందు చిన్నగా, తర్వాత ఆపుకోలేనంతగా. సాహితి భయపడి నీళ్ళ సీసా అందించింది.

నవ్వు ఆగాక భయం వచ్చింది.

"అక్కా," సాహితి గుసగుసలాడింది, "స్పిరిటు పెట్టి తుడిచేద్దాం. ఎవరికి తెలుస్తాది?"

"రేపు కడపలో సార్ రెండో తలుపు అని చెప్తాడు గదే."

"చెప్పుకోనీ. నీ పేరు కూడా ఉంటాది గదా దాంట్లో. ఆయప్ప చెప్పిందానికి నువ్వేం చేస్తావు? సంతకం పడతాది, డిసెంబరు దాటతాది. దాటినాక చూసుకుందాం."

సాహితి చెడ్డ మాట చెప్పలేదు. బతకనేర్చిన మాట చెప్పింది. ఈ దేశంలో సగం రీసెర్చి ఆ మాట మీదే నడుస్తోంది. దీవెన కాసేపు నిజంగానే ఆలోచించింది. నోరు మూసుకుంటే సంతకం. నోరు తెరిస్తే ఏమవుతుంది? వాడ నుంచి వచ్చిన పిల్ల, ఆదివారం చర్చికి పోయే పిల్ల, పూజ పసుపు వల్ల సైన్సు చెడిపోయిందని అంటుంది. ఆ పసుపు ముందు టెంకాయ కొట్టింది కరస్పాండెంటు. ఈ మాట ల్యాబు గుమ్మం దాటేసరికి ఒక రకంగా ఉంటుంది, క్యాంటీను దాకా పోయేసరికి ఇంకో రకంగా ఉంటుంది, వాట్సాపులో పడేసరికి దీవెన ఏకంగా దేవుణ్ణే తిట్టి ఉంటుంది.

కానీ రేపు ఆ తలుపు లేదని తెలిసి తెలిసీ దాని కింద పేరు పెట్టుకుంటే, ఎల్లుండి నుంచి ఆ కణాల ముందు ఎలా కూర్చోవాలి? ఏ మందు పోసి ఏ వెలుగును నమ్మాలి? లేని తలుపును మూసే మందు ఎన్నేళ్ళు వెతకాలి?

"ముందు ఉరుకుందప్పన్నను పిలుచుకొస్తా," అని లేచింది.

"ఆయన్నెందుకు?"

"పెట్టింది ఆయన. అడగకుండా నేను తుడిస్తే మర్యాద కాదు."

ఉరుకుందప్ప వెనక గదిలో గాజు సీసాలు కడుగుతున్నాడు. యాభై దాటిన మనిషి, ఏటా శ్రావణమాసంలో ఉరుకుంద గుడికి నడిచిపోయే భక్తుడు. దీవెన చెప్పిందంతా చేతులు తుడుచుకుంటూ విన్నాడు. ముఖం వాడిపోయింది.

"నా వల్లనా తల్లీ? నీ చదువు చెడిపోయిండేది నా వల్లనా?"

"చెడిపోలేదన్నా. చూసుకోకుండా పోయింది నేను. రోజూ ఆ సొరుగు తెరిచేది నేనే గదా."

"ఇప్పుడు సార్ కు తెలిస్తే నన్ను తీసేస్తాడేమో."

"తీసేస్తే నన్ను కూడా తీసేయాల్సి వస్తాది. ఇద్దరం కలిసి బస్టాండు కాడ మిరపకాయ బజ్జీల బండి పెట్టుకుందాం. కారం సంగతి నాకు బాగా తెలుసు."

ఉరుకుందప్ప నవ్వాడు. నవ్వి, ఏదో గుర్తొచ్చినట్టు కళ్ళు చిన్నవి చేశాడు. "పా తల్లీ, నేను కూడా వస్తా. ఆ సార్ తో నాకొక మాట ఉండాది."

భూపేష్ సార్ గదిలో ఇస్త్రీ చేసిన చొక్కా హ్యాంగరుకు వేలాడుతోంది, రేపటికి. ఆయన ఉపన్యాసం చదువుకుంటున్నాడు. దీవెన నిలబడే చెప్పింది. దాచలేదు, మెత్తగానూ చెప్పలేదు. రెండో తలుపు లేదు సార్, అది పసుపు అని చెప్పింది. ఆయన ముఖం ఎర్రబడింది.

"పసుపా? పూజ పసుపు అంటాండావా? నువ్వు ఆ మాట అంటే ఎట్లుంటాదో తెలుసునా నీకు?"

"తెలుసు సార్. అందుకే నా మాట నమ్మొద్దంటాండా. వచ్చి మీ కళ్ళతో చూడండి."

"రేపు సదస్సు పెట్టుకుని ఈ పొద్దు వచ్చి చెప్తావా?"

"రేపయినాక చెప్పేదాని కంటే ఈ పొద్దే మేలు గదా సార్."

ఆయన కుర్చీ వెనక్కి తోసి లేచాడు. విసవిసా నడుస్తూ ల్యాబుకొచ్చాడు. దీవెన ఏమీ తాకలేదు. కొత్త ప్లేటు కవరు ఆయనే చింపాడు, ఆయనే లోపల పెట్టాడు. కుడి వైపు వెలుగు. ప్లేటు తిప్పి పెట్టాడు. కుడి వైపే వెలుగు. ఇంకో ప్లేటు తెమ్మన్నాడు. అదీ అంతే. సొరుగు లాగి వంగి చూశాడు. అలా వంగి ఎంతసేపు ఉన్నాడంటే, సాహితి ఆయనకు నడుము పట్టుకుందేమో అనుకుంది.

మెల్లగా లేచి స్టూలు మీద కూర్చున్నాడు. కోపం ఎటు పోయిందో పోయింది. చెమట తుడుచుకున్నాడు.

"రేపు మద్రాసు నుంచి ఒక ముసలాయన వస్తాండాడు," అన్నాడు. "ముందు వరసలో కూర్చుంటాడు. ఎవరు ఏం చెప్పినా లేచి ఒకటే మాట అడుగుతాడు. ఖాళీ ప్లేటు చదివినారా అని. అందరి ముందర, మైకులో." గట్టిగా ఊపిరి వదిలాడు. "అబ్బా. బతికిపోతిమి గదమ్మా."

ఆ మాటతో దీవెన భుజాల మీద నుంచి మూట దించినట్టయింది. ఆయన భయం ఆయనది, ఆమె భయం ఆమెది. రెండూ ఒకే తుడుపుతో పోయేట్టున్నాయి.

సార్ తల తిప్పి ఉరుకుందప్పను చూశాడు. "ఏమప్పా, బయట బొట్టు పెట్టుకో అంటే మిషన్ కడుపులో పెడ్తావా నువ్వు?"

ఉరుకుందప్ప దీనికోసమే ఎదురుచూస్తున్నాడు. "అట్లనా సార్? ఆ పొద్దు నేను బయటనే పెడితి. 'ఇది మన ల్యాబులో అన్నిటికన్నా పెద్ద మిషన్, బయట పెడితే రాలిపోతాది, నూనెలో కలిపి లోపల గట్టిగా రాయి' అని ఎవరు చెప్పినారు సార్? బొరుగులు నములుతా చెప్పినారు. మీరే."

సాహితి గోడ వైపు తిరిగి నోట్లో చున్నీ కుక్కుకుంది. సార్ చెవులు ఎర్రబడ్డాయి.

"నేనా?"

"మీరే సార్."

"అన్నట్లుండా," అన్నాడు సార్, గొంతు తగ్గించి. "తుడుపప్పా ఇంక."

ఉరుకుందప్ప వేలితో ఆ చారలను తాకి కళ్ళకద్దుకున్నాడు. తర్వాత దూదిని స్పిరిటులో ముంచాడు. "అపచారం ఏమన్నా అయితాదేమో అని చూడాకండి," అన్నాడు ఎవరూ అడగకముందే. "ఇంట్లో రోలుకు పూజ చేస్తాం. మరుసటి పొద్దు పిండి రుబ్బాలంటే కడుగుతామా లేదా? కడగకుంటే దోసెల్లో కుంకుమ వస్తాది." రుద్దాడు. పసుపు అంత సులభంగా పోలేదు. దూది మీద దూది పచ్చబడింది. చివరికి నల్లని పళ్ళెం నల్లగా మిగిలింది. ఖాళీ ప్లేటు మళ్ళీ పెట్టారు. ఈసారి మూలమూలలా చీకటి.

కొత్త కణాలకు రంగు ఎక్కించి, అది పట్టేదాకా ఆగాలి. ఆ లోపల సార్ కడపకు ఫోను చేశాడు. ఉపన్యాసం పేరు మారుతుందన్నాడు. అవతలివాడు కార్డులు అచ్చయ్యాయని గోల పెడుతున్నట్టున్నాడు. "పెన్నుతో కొట్టేసి రాసుకోప్పా, ఏం మునిగిపోతాది?" అని పెట్టేశాడు. కరస్పాండెంటుకు కూడా చేశాడు. అక్కడ మాత్రం గొంతు బాగా తగ్గించి, తలుపులు, కిటికీలు అంటూ ఏదో సర్దిచెప్పాడు. క్యాంటీను నుంచి టీ, బోండాలు తెప్పించాడు. నాలుగు రోజుల నుంచి సరిగ్గా తినని దీవెన మూడు బోండాలు వరసగా లాగించేసింది.

"రేపు నువ్వే మాట్లాడమ్మా," అన్నాడు సార్ టీ ఊదుకుంటూ. "కోత ఎట్ల చేసినావు, తలుపు ఎట్ల పోయింది, అదే చెప్పు. చాలు. ఈ పసుపు సంగతి ఎత్తొద్దు."

"ఎత్తుతా సార్."

"ఎందుకమ్మా?"

"దసరా మన కాలేజీకి ఒక్కదానికే వచ్చిందా సార్? అనంతపురంలోనో, తిరుపతిలోనో ఇంకొక పిల్ల ఇట్లాంటి మిషన్ ముందరే కూర్చుని ఏడుస్తాంటాది. లేకుంటే వాళ్ళ సార్ మూడో తలుపు కనిపెట్టింటాడు."

సార్ టీ గ్లాసు దించాడు. కోప్పడతాడేమో అనుకుంది సాహితి. ఆయన నవ్వాడు, ఇష్టం లేకపోయినా. "చెప్పుకో. లోపల రాయమన్నది ఎవరో మాత్రం చెప్పొద్దు."

"అది మీరూ ఉరుకుందప్పన్నా తేల్చుకోండి సార్. నేను సైన్సు వరకే."

"సంతకం పెట్టాల్సిన కాగితం టేబుల్ మీద పెట్టిపో," అన్నాడు సార్, ఆమెను చూడకుండా. "కడపకు పోయే ముందరే పెట్టేస్తా. మళ్ళీ మర్చిపోతా."

దీవెన సరేనంది. థాంక్స్ చెప్పలేదు. ఏడాది పని నిజమని తేలినందుకు ఎవరికి థాంక్స్ చెప్పాలి?

రంగు పట్టింది. దీవెన కారం పోసింది. ఎడమ వైపు మామూలు కణాలు, కుడి వైపు కోత కణాలు. సాహితిని దగ్గరికి రానివ్వకుండా ప్లేటు తనే పెట్టింది. మిషన్ గొణగడం మొదలుపెట్టింది. సార్ వెనక నిలబడ్డాడు. సాహితి దీవెన భుజం మీది నుంచి తొంగి చూస్తోంది. ఉరుకుందప్ప కాస్త దూరంగా, కడిగిన సీసా ఒకటి చేతిలో పట్టుకుని, పెళ్ళివారి మాట కోసం ఎదురుచూసే పెద్దమనిషిలా ఉన్నాడు.

ఎడమ వైపు అంకెలు వరసగా ఎగబాకాయి. కుడి వైపు సున్నా పక్కన తచ్చాడుతూ, ఎక్కడికీ పోకుండా, అక్కడే ఉండిపోయాయి. చివరి గుంట దాకా చీకటే.

దీవెన తెర మీద వేలు పెట్టి కుడి వైపు గుంటలన్నీ మళ్ళీ లెక్కపెట్టింది.

"ఏం వచ్చింది తల్లీ?" అన్నాడు ఉరుకుందప్ప, ఆగలేక.

"ఏమీ రాలేదన్నా."

"అయ్యో! ఇంత చేసి ఏమీ రాలేదా? ఇంకా యాడన్నా మిగిలిందేమో, మళ్ళీ తుడవాల్నా?"

"ఏమీ రాలేదన్నా!" దీవెన స్టూలు మీద నుంచి లేచి సాహితి రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. "ఒక్కటి కూడా రాలేదు! ఏమీ రాలేదు!"

ఉరుకుందప్ప సార్ వైపు చూశాడు. ఈ ఆడపిల్లలకు ఏమైందో మీరన్నా చెప్పండని అడుగుతున్నట్టు చూశాడు.

"తలుపు లేని ఇంట్లోకి కారం ఎట్ల పోతాదప్పా?" అన్నాడు సార్. అని, ఆ అంకెలు ఇంకోసారి చూసుకోవడానికి తెర మీదికి వంగాడు.